శుక్రవారం గడప దాటని పాలు

ఈ మధ్య ఒక శిక్షణ పుస్తకం నా చేతికి వచ్చింది. పశువుల హార్మోన్ల మీద పరిశోధన మొదలుపెట్టే యువకుల కోసం రాసినది. అట్ట బాగుంది, బొమ్మలు బాగున్నాయి. నడుమ ఒక పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: "పల్లెల్లో పశుపోషకుల ఇళ్ళ నుంచి సేకరించే పాల నమూనాలు నమ్మదగినవి కావు." ఆ వాక్యం చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. కోపం వచ్చినప్పుడు నేను చేసే మొదటి పని అది. రెండో పని, అటక మీది పాత నోటు పుస్తకాలు దించడం.

ఆ వాక్యం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మా కేంద్రంలో, నా బల్ల మీద, నేను చేసిన తప్పులోంచి పుట్టింది. అక్కడి నుంచి ఒక నివేదికలోకి, నివేదిక నుంచి ఇంకో నివేదికలోకి ఎక్కి, ఇన్నేళ్ళకు పాఠమై కూర్చుంది. ఆ గదిలో ఆనాడు ఉన్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. కనుక ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీకు జరిగింది చెప్పవలసిన బాధ్యత నా మీదే పడింది. పేర్లు రాయను. పేర్లు రాస్తే చదివేవాళ్ళు తప్పును వదిలేసి మనిషిని పట్టుకుంటారు. నోటు పుస్తకాలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

అవి ఎనభైల నడిమి సంవత్సరాలు. కరీంనగర్ నుంచి చొప్పదండి పోయే దారిలో మాది చిన్న పరిశోధన కేంద్రం. నాలుగు గదులు, ఒక కొట్టం, పన్నెండు బర్రెలు, కరెంటు దయ తలిచినప్పుడు పనిచేసే లెక్కింపు యంత్రం. మాకు అప్పగించిన పని ఒక్కటే: బర్రెల మూగ ఎదను కనిపెట్టడం.

ఆవు ఎదకు వస్తే వాడకట్టంతా తెలుస్తుంది. అరుస్తుంది, తాడు తెంపుకుంటుంది, మేత మానేస్తుంది. బర్రె అట్లా కాదు. ముఖ్యంగా ఎండాకాలంలో, లోపల జరగవలసిందంతా జరుగుతూనే ఉంటుంది, పైకి మాత్రం ఒక్క గుర్తూ కనిపించదు. ఆ రోజు కాస్తా దాటిపోతే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. అట్లా నాలుగైదు సార్లు దాటిపోయిన బర్రెకు ఇంటివాళ్ళు 'గొడ్డుది' అని పేరు పెడతారు. ఆ పేరు పడ్డ బర్రె ఎక్కువ రోజులు ఇంట్లో ఉండదు.

అయితే బర్రె నోరు విప్పకపోయినా దాని పాలు చెబుతాయి. అండాశయంలో తయారయ్యే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఎక్కువ రోజులు నిండుగా ఉండి, ఎదకు ముందు ఒకటి రెండు రోజుల్లో చప్పున పడిపోతుంది. రక్తంలో పడితే పాలలోనూ పడుతుంది. హార్మోను అంటే కబురు. అది రక్తంలో పడి ఒళ్ళంతా తిరుగుతుంది. కానీ దాన్ని అందుకునే గ్రాహకం ఉన్న కణం ఒక్కటే తలుపు తీస్తుంది, మిగతా కణాలకు ఆ కబురు వచ్చి పోయినట్టు కూడా తెలియదు. ఆ రోజుల్లో ఈ గ్రాహకాల సంగతి ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాణ్ణి. బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు కూడా నా నుంచి తప్పించుకోలేదు.

కేంద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊళ్ళో ఇరవై ఇళ్ళవాళ్ళు రోజూ పాలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఒక్కో ఇంటికి ఒక సీసా. సీసాలో పాలు చెడకుండా పసుపుపచ్చని బిళ్ళ ఒకటి వేసి ఇచ్చేవాళ్ళం. అది కరిగితే పాలూ పచ్చబడేవి. పొద్దున పితికిన పాలు ఆడవాళ్ళు సీసాలో పోసి అరుగు మీద పెడితే, మా అటెండరు సైకిలు మీద పోయి తెచ్చేవాడు. యాభై దాటిన మనిషి, ఆదిలాబాద్ వైపు వాడు, ఏ ప్రశ్నకైనా ముందు 'బరోబర్ సార్' అని, తరువాత తనకు తోచిందే చేసేవాడు. సీసాలు దించి, నోటు పుస్తకంలో ఇంటి అంకె, రోజు అంకె రాసి, చివరి గడిలో 'విశేషాలు' అన్న చోట ఏదైనా ఉంటే రాసేవాడు. నడిమి గడిలో హార్మోను విలువ నేను రాసేవాణ్ణి.

నా పద్ధతి గురించి ఒక మాట. మొదలుపెట్టిన రోజును ఒకటో రోజు అన్నాను. తరువాతవి రెండు, మూడు, నలభై, తొంభై. వారాల పేర్లు రాయలేదు. వారం పంచాంగానికి కావాలి గాని ప్రయోగశాలకెందుకు అనుకున్నాను. ఈ వాక్యం గుర్తుంచుకోండి.

రెండున్నర నెలలు గడిచాక విలువలన్నీ గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపాను. కలుపుతూ కలుపుతూ లేచి నిలబడ్డాను. ప్రతి ఏడో రోజూ హార్మోను పడిపోతున్నది! ఒక బర్రెలో అయితే సరే, ఇరవై బర్రెల్లోనూ ఒకేరోజు పడి, మరునాటికి మళ్ళీ లేస్తున్నది. ఇరవై ఒక్క రోజుల చక్రం మీద ఏడు రోజుల అల! ఏ పుస్తకంలోనూ లేని అల. మా కొట్టంలోని పన్నెండు బర్రెల్లో ఆ అల లేదు. అది చూసి ఆగవలసింది. నేను ఆగలేదు; దానికీ ఒక కారణం కనిపెట్టాను. ఊరి బర్రెలన్నీ ఒకే చెరువులో పడుకుంటాయి, ఒకదాని వాసన ఇంకొకదానికి కబురవుతుంది, మందంతా కలిసి ఒకే తాళానికి నడుస్తుంది. మా బర్రెలు ఆ చెరువుకు పోవు గనుక వాటికి ఆ తాళం లేదు. ఎంత అందమైన వాదన! పొరపాటు వాదనలకు ఉండే అందం సరైన వాదనలకు ఉండదని నా అనుభవం.

పట్నంలో ఉన్న మా డైరెక్టరు గ్రాఫులు చూడటానికి స్వయంగా వచ్చాడు. "ఇది మన కేంద్రానికి రాక రాక వచ్చిన అదృష్టమయ్యా. వచ్చే సదస్సులో నేను చదువుతాను, నీ పేరు కూడా వేస్తాను" అన్నాడు. 'కూడా' అన్న మాట నా నోటు పుస్తకంలో ఉంది. అయినా ఆ రోజు నేను భూమికి జానెడు ఎత్తున నడిచాను.

ఆ ఉత్సాహంలోనే ఇరవై బర్రెలకూ కార్డులు రాసిచ్చాను. ఊరి చివరింట్లో ఉన్న ఒక అవ్వ బర్రె విషయంలో ఏడు రోజుల అల తప్ప అసలు చక్రం కనిపించలేదు. అది ఈని ఏడాది దాటింది, చూడి కట్టలేదు. కార్డు మీద 'ఎద చక్రం లేదు' అని రాసి సంతకం పెట్టాను.

తరువాత కొన్నాళ్ళకు మా అటెండరు బంధువుల పెళ్ళికి ఆదిలాబాద్ పోయాడు. ఆ పొద్దున సీసాల కోసం నేనే సైకిలు మీద వెళ్ళాను. పంతొమ్మిది ఇళ్ళ అరుగుల మీద సీసాలు సిద్ధంగా ఉన్నాయి. చివరింట్లో మాత్రం అవ్వ అప్పుడే కవ్వం ఆపి, కుండలోంచి సీసాలోకి వంచుతున్నది. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. పెనిమిటిది బొగ్గు గనిలో పని, నెలకొకసారి వస్తాడు. ఇంటినీ బర్రెనూ నడిపేది ఆమే.

"ఇదేందవ్వా, చల్ల పోస్తున్నవు?" అన్నాను.

"సల్లనే సారు. ఇయ్యాల శుక్రారం గద."

"శుక్రవారమైతే?"

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మీ ఇంట్ల ఆడోళ్ళు లేరా సారు? శుక్రారం పాలు గడప దాటనిస్తరా ఎవలన్న? లచ్చిమి ఎల్లిపోతది. సల్లకైతే ఏం గాదు."

"ఇన్ని రోజులు శుక్రవారం చల్లే పోసినవా?"

"నేనొక్కదాన్నేనా? వాడకట్టంత గంతే. సర్కారోళ్ళ సీస, ఉత్తగ పంపితే ఏమనుకుంటరో అని సల్ల పోస్తున్నం. పాపం గా సైకిలాయన గంత దూరం కెళ్ళి వస్తడు, ఉత్త చేతులతోని ఎట్ల పంపుదు?"

పసుపు బిళ్ళ కరిగిన సీసాల్లో చల్లా పాలూ నాకు ఇన్నాళ్ళూ ఒకేలా కనిపించాయన్నమాట. ఆ హార్మోను ఉండేది చాలావరకు పాల వెన్నలో. చల్ల చేసినప్పుడు వెన్న తీస్తారు. ఆ వెన్నతో పాటు నా హార్మోను ఇరవై ఇళ్ళలో ఉట్టి మీద భద్రంగా ఉన్నది. తీసిన చల్లలో 'పడిపోయిన' విలువ నా గ్రాఫు మీద అలగా లేచింది. మందా లేదు, తాళమూ లేదు. అన్నిటికన్నా నన్ను పొడిచిన సంగతి ఇంకొకటి. మా అమ్మ కూడా శుక్రవారం పాలు బయటికి ఇచ్చేది కాదు. పక్కింటివాళ్ళు గిన్నెతో వస్తే చల్ల పోసి పంపేది. అది నేను పుట్టినప్పటి నుంచి చూసిన సంగతే. కొడుకుగా నాకు తెలిసినది శాస్త్రవేత్తగా నాకు తెలియలేదు.

"గీ వారం దినాలే సారు, తర్వాత నా ఇంటికి రావుడు నీకు తప్పుతది" అన్నది అవ్వ, సీసాకు మూత బిగిస్తూ. "వచ్చే శనివారం బేరగాడు వస్తడు. బర్రెను ఇస్తమని మాట ఇచ్చినం."

"ఎందుకమ్ముతున్నరు?"

"ఎందుకంటవా?" ఆమె లోపలికి పోయి, వాసాల సందులో దోపిన కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని నలగకుండా దాచింది. "నువ్వే రాసిచ్చినవ్ గద, గొడ్డుదని. పాలు పావుశేరుకు వచ్చినయ్. ఒట్టిపోయినంక ఎవడు కొంటడు? మెట్‌పల్లి అంగడికి తోలుతడట. ఆడికెళ్ళి యాడికి వోతదో మనకెర్కనా?"

కొట్టంలో బర్రె నెమరేస్తూ మా వైపు చూసింది. నేను ఆ చూపు తప్పించుకున్నాను. ఆ కార్డు కింద ఉన్నది నా సంతకం.

శని, ఆదివారాలు గోడకు ఉన్న క్యాలెండరు దించి పక్కన పెట్టుకుని, నోటు పుస్తకంలో ప్రతి శుక్రవారాన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేశాను. కొట్టేస్తూ పోతుంటే చివరి గడి మొదటిసారి నా కంటపడింది. పదమూడు శుక్రవారాల ఎదురుగా, పదమూడు సార్లు, మా అటెండరు గుండ్రని అక్షరాలు: 'పులిసింది.' సోమవారం అతను రాగానే పుస్తకం ముందు పెట్టాను.

"ఇంత పెద్ద సంగతి, నాకు ఎందుకు చెప్పలేదు?"

"బరోబర్ సార్. రాసిన గద. పదమూడుసార్లు రాసిన. మీరు సదివిన్రనుకున్న."

"ఎందుకు పులుస్తుందో వాళ్ళను అడగకపోయినవా?"

"అడుగుడు మీ నౌకరి సార్. రాసుడు నా నౌకరి." నా ముఖం చూసి మెత్తబడ్డాడు. "ఎండకు ఇరుగుతున్నయేమో అనుకున్న సార్. గని ఎండ శుక్రారం ఒక్కనాడే కొడతదా అని నేను గూడ జర సోచాయించలే."

రాతల మనిషినని పేరు పొందిన నేను, రాసినదాన్ని చదవలేదు. నా చేతి అంకెలు మాత్రమే చదివాను. ఇది నేను ఇప్పటికీ ఒప్పుకోలేని తప్పు, కనుకనే ఒప్పుకుంటున్నాను.

కానీ యువకులారా, అసలు సంబరం అప్పుడే మొదలైంది. శుక్రవారాలు తీసేసిన తరువాత, ఆ సోమవారమే, అవ్వ బర్రె గ్రాఫును మళ్ళీ గీశాను. మిగిలిన చుక్కల్లో, మూడు వారాలకొకసారి, గురువారమూ శనివారమూ కూడా కిందికి పడి ఉన్నాయి! శుక్రవారాలు చల్ల వల్ల పడినవి; గురు, శనివారాల్లో సీసాలో ఉన్నది అసలైన పాలు. ఇరవై ఒకటి అంటే మూడు ఏడులు. ఆ బర్రె గడియారం తప్పకుండా ఇరవై ఒక్క రోజులకు ఎదకు వస్తున్నది. వచ్చిన ప్రతిసారీ అది శుక్రవారం చుట్టూ పడుతున్నది. ఆ మూగ ఎద సరిగ్గా నా దొంగ అల కింద దాక్కున్నది. ప్రతి మూడో అల కొంచెం వెడల్పుగా ఉందని ముందే చూశాను, చేతి వణుకు అనుకుని వదిలేశాను. అది గొడ్డుది కాదు! చక్రం లేని బర్రె కాదు, మా దగ్గర ఉన్న అన్ని బర్రెలకన్నా సక్రమమైనది. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. మళ్ళీ పడవలసిన రోజు ఎల్లుండి కాక ఆవలెల్లుండి, గురువారం. అంటే శనివారం పొద్దున ఎద సూది, అదే కృత్రిమ గర్భధారణ సూది, వేస్తే పని అవుతుంది. అదే శనివారం పొద్దున బేరగాడు వస్తాడు.

మంగళవారం డైరెక్టరుకు ఫోను చేశాను. అల లేదని, శుక్రవారాల చల్ల సంగతీ చెప్పాను.

"శుక్రవారాలు తీసేస్తే ఇక మనకు మిగిలేదేమిటయ్యా?" అన్నాడు.

"మూగ ఎద మిగులుతుంది సార్. మనల్ని పెట్టింది దాన్ని కనిపెట్టమనే."

"ఆ ఆడవాళ్ళు మోసం చేశారని రాసెయ్. మనకు మాట రాదు."

"వాళ్ళు మోసం చేయలేదు సార్. మనం అడగలేదు."

ఆయన ఫోను పెట్టేశాడు. నేను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ పెట్టుకుని, సైకిలెక్కాను. వెనక మా అటెండరు ఇంకో సైకిలు మీద వచ్చాడు.

అవ్వ అంతా విన్నది. గ్రాఫు కాగితం చూపిస్తే దాన్ని తలకిందులుగా పట్టుకుని కూడా శ్రద్ధగానే చూసింది.

"అప్పుడు గొడ్డుదంటివి, దస్కతు పెడితివి. గిప్పుడు కాదంటున్నవ్. నేను ఏ సారును నమ్మాలె? అప్పటి సారునా, గిప్పటి సారునా?"

"ఈసారి ఒట్టిగ నమ్మవద్దవ్వా. గురువారం పాలు, శుక్రవారం పాలు రెండూ కొలుస్తాను. వరసగా రెండు రోజులు పడితేనే దస్కతు పెడతా. ఒక్క రోజు పడితే పితుకుడు తేడా కావచ్చు, నా యంత్రం తేడా కావచ్చు. ఒకసారి తొందరపడి రాసినోణ్ణి, ఇంకోసారి రాయను."

"శుక్రారం పాలు యాడికెళ్ళి తెస్తవ్?" అన్నది.

ఇన్ని లెక్కలు వేసి, ఆ ఒక్క లెక్క మరిచాను. యంత్రాన్ని ఆమె ఇంటికి మోసుకు రాలేను. దానికి గదంత బల్ల కావాలి. ఆమె పట్టింపు వదులుకోమని అడగడానికి నాకు నోరు రాలేదు, అడిగినా మా అమ్మ ఎక్కడున్నా నన్ను క్షమించేది కాదు. మా అటెండరు గొంతు సవరించుకుని, "అవ్వా, తెల్లారకముందే పితికితే అది బేస్తారం కింద వస్తది గద?" అన్నాడు.

"నీ తెలివి మీ సార్‌కు ఇయ్యి" అన్నది అవ్వ. తరువాత కొట్టం వైపు చూసి ఉన్నట్టుండి నవ్వింది. "ఏంది సారు, గింత సదువుకుంటిరి. పాలు గడప దాటద్దు గని, బర్రె దాటితే ఎవలద్దన్నరు? మేతకు దినాం దాటుతనే ఉన్నది గద! మీ కొట్టంల పిండుత. ఆడ పిండిన పాలు మీ గడప లోపటియి. మీ ఆఫీసు లచ్చిమి ఉంటదో పోతదో గది మీ ఫికర్."

గురువారం విలువ పడింది. బాగా పడింది. ఆ కాగితాన్ని ఎవరికీ చూపకుండా జేబులో పెట్టుకుని తిరిగాను.

శుక్రవారం తెల్లవారుతూనే అవ్వ ముందు, బర్రె వెనక, రెండు మైళ్ళు నడిచి వచ్చారు. మా కేంద్రంలో పాలు పితకడానికి నేను రాసిన నియమాలు గోడకు వేలాడుతున్నాయి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గాజులు పైకి జరిపి గుడ్డతో కట్టుకోవాలి. అవ్వ చదవలేదు గాని, బర్రెలకు మందులూ సూదులూ వేసే మా కాంపౌండరు చదివి వినిపించి, ఆమె మోచేతుల దాకా గుడ్డ చుట్టాడు. ఆమె కూర్చున్నది. పొదుగు నిమిరింది. బర్రె కొత్త కొట్టాన్ని చూసి చెవులు రిక్కించి, తోక ముడిచి, బిగుసుకుపోయింది. పది నిమిషాలు అయింది. ఒక్క చుక్క రాలేదు.

"చేపదు సార్. పాలు దిగే సూది ఇస్త, నిమిషంల ఇడుస్తది" అన్నాడు కాంపౌండరు.

"వద్దు. నేను కొలిచేది హార్మోను. కొలిచేటప్పుడు బయటి హార్మోను ఎక్కించను" అన్నాను.

"సూది గీది నా బర్రె దగ్గెరికి రావద్దు" అని అవ్వ కూడా అడ్డుపడింది. మళ్ళీ నిమిరింది. మళ్ళీ ఏమీ లేదు. సూర్యుడు కొట్టం కప్పు దాటాడు. జేబులో గురువారం కాగితం బరువెక్కింది. అప్పుడు అవ్వ చేతులు పైకెత్తి నా వంక చూసింది.

"సారు, నా గాజులు కట్టేస్తిరి. దానికి నేనెవలో ఎట్ల ఎర్క?"

నేనే ముందుకు పోయి ఆ గుడ్డ ముళ్ళు విప్పాను. గాజులు మణికట్టు మీదికి జారాయి. ఆమె బకెటు అంచుకు చెయ్యి ఆనించి రెండుసార్లు ఊపింది. గలగల. బర్రె చెవులు ఆమె వైపు తిరిగాయి. తోక జారింది. తల వంచి ఒక నిట్టూర్పు విడిచింది. ఆమె వేళ్ళ కింద చనులు నిండటం నిలబడ్డవాళ్ళకు కూడా కనిపించింది. తరువాత బకెటులో మొదటి ధార చప్పుడు!

ఆ నిమిషాన్ని నేను ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు. గాజుల చప్పుడు చెవికి, చెవి నుంచి మెదడుకు, మెదడు అడుగునున్న చిన్న గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి, రక్తంలోంచి పొదుగులో ఆ కబురును గుర్తుపట్టే కణాల దగ్గరికి. అవి ముడుచుకుంటే పాలు కిందికి. ఎక్కడి గాజులు, ఎక్కడి కణాలు! పుస్తకాల్లో బాణం గుర్తులతో నేను చదివింది నా కళ్ళ ముందు గలగలమని నడిచింది. దానికి అడ్డుపడ్డది నేను గోడకు వేలాడదీసిన నియమం ఒక్కటే. ఆ కాగితంలో గాజుల వరస అప్పుడే కొట్టేశాను.

ఆ రోజు కరెంటు పోలేదు. సాయంత్రానికి యంత్రం అంకె ఇచ్చింది. దాదాపు ఏమీ లేదు! అడుగంటింది! నమ్మక రెండోసారి కొలిచాను. రెండోసారీ అదే. నేను గది బయటికి వచ్చి అరిచిన అరుపుకు కొట్టంలోని పన్నెండు బర్రెలూ లేచి నిలబడ్డాయని మా అటెండరు తరువాత అందరికీ చెప్పాడు. అది అతిశయోక్తి, లేచినవి నాలుగే.

పాత కార్డు మీద నా మాటను అడ్డంగా కొట్టేసి, కింద 'మూగ ఎద. చక్రం ఉన్నది' అని రాసి సంతకం పెట్టి అవ్వ చేతికిచ్చాను. బర్రెను ఆ పూటకు మా కొట్టంలోనే కట్టేసింది. శనివారం పొద్దున్నే కాంపౌండరు ఎద సూది వేశాడు. పైకి ఒక్క గుర్తూ లేదు, నెమరేస్తూనే ఉంది. పొద్దెక్కేసరికి బేరగాడు ఊళ్ళో బర్రె కనబడక వెతుక్కుంటూ మా కేంద్రానికే వచ్చాడు.

"అవ్వా, బర్రె యాడున్నదే?"

"సర్కారు కొలువుల చేరింది."

"గదేంది? మాటిచ్చినవ్ గద!"

"ఇచ్చిన. గొడ్డుదైతే ఇస్తనన్న. కాదని గీ సారు దస్కతు పెట్టిండు. మూడు వారాలాగు. సారు మాట తప్పైతే బర్రెను తోల్కపో, సారును గూడ తోల్కపో."

బేరగాడు నన్ను తల నుంచి కాళ్ళ దాకా, పళ్ళు లెక్కపెట్టేవాడిలా చూశాడు. "సారును అంగట్ల ఎవలు కొంటరవ్వా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేను సరిగ్గా కలవలేకపోయాను, ఇంకా మూడు వారాలు ఉన్నాయి గనుక.

మూడో వారం గురువారం విలువ నిండుగా ఉంది. శుక్రవారం పొద్దున, ఎవరూ పిలవకుండానే, అవ్వ గాజుల చప్పుడు, దాని వెనక గిట్టల చప్పుడు గేటు దగ్గర వినిపించాయి. ఆ రోజూ నిండుగా ఉంది. శనివారమూ పడలేదు. కడుపులో పడినది తన రాకను తల్లికి కబురు చేసింది, తల్లి హార్మోనును నిలబెట్టింది. "నిలిచిందవ్వా" అన్నాను. చెయ్యి పెట్టి చూసి రూఢి చేసే దాకా నమ్మనని ఆమె పట్టుబట్టింది. అదీ న్యాయమే. రెండు నెలల తరువాత కాంపౌండరు చూసి తలూపాడు. అవ్వ బర్రె వీపు మీద ఒక్క చరుపు చరిచి, "గొడ్డుదట!" అన్నది. ఆ చరుపు ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

ఆ ఊళ్ళో మిగతా బర్రెల గ్రాఫులూ శుక్రవారాలు తీసేసి గీశాను. మరో అయిదింటిలో మూగ ఎద బయటపడింది. సదస్సుకు పంపిన ఏడు రోజుల అల వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని నా చేత్తో లేఖ రాశాను. నకలు నా దగ్గర ఉంది. డైరెక్టరు సదస్సుకు పోలేదు. కానీ ఆ ఏటి నివేదికలో ఒక వాక్యం చేర్చాడు: నిరక్షరాస్యులైన పశుపోషకుల మోసం వల్ల కొన్ని నమూనాలు చెడిపోయాయని. నేను మూడు లేఖలు రాశాను. మూడో లేఖకు 'మోసం' అన్న మాట పోయి, 'నమ్మదగినవి కావు' అన్న మాట వచ్చింది. అదే, ఇప్పుడు మీ పాఠ్యపుస్తకంలో ఉన్నది.

నమ్మదగనిది ఏదో నా నోటు పుస్తకం చెబుతుంది. వాళ్ళ చల్ల ప్రతి శుక్రవారమూ తప్పకుండా చల్లే. మూడు నెలల్లో ఒక్కసారి కూడా వాళ్ళ నియమం చెదరలేదు. అంత క్రమం తప్పని నమూనా నా ప్రయోగశాలలో ఇంకొకటి లేదు. సీసా ఇచ్చిన రోజే ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఆ క్రమమే మాకు సాక్ష్యమై నిలిచేది. ఆ పుస్తకం అచ్చు వేసినవాళ్ళకు నాలుగో లేఖ నిన్న రాశాను.

ఆ ఎద సూది వేసి పది నెలలు తిరిగాక అవ్వ బర్రె ఈనింది. ఈనిన మొదటి పాలలో హార్మోను కొలవాలని నాకు చాలా ఆశ. కబురు అందగానే సీసా ఇచ్చి మా అటెండరును పంపాను. గంటకు తిరిగి వచ్చాడు, ముఖమంతా నవ్వు.

"పెయ్యదుడ్డె సార్! అబ్బో, గంత నల్లగున్నది! అవ్వ మిమ్మల్ని రేపు జున్నుకు రమ్మన్నది."

"పాలేవి?"

అతను సీసా తలకిందులుగా పట్టి చూపించాడు. అడుగున పసుపుపచ్చని బిళ్ళ ఒకటి పొడిగా కదిలింది. చల్ల అయినా లేదు. చల్ల పోయవద్దని ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది నేనే.

నోటు పుస్తకం తీశాను. రోజు అంకె రాశాను, దాని పక్కన మొదటిసారి వారం పేరు రాశాను. నడిమి గడి ఖాళీగా వదిలి, చివరి గడిలో నా చేత్తో రాశాను: 'శుక్రవారం. పాలు రాలేదు. సరిగ్గానే ఉంది.'